రిటైర్మెంట్ ఖాతాలో బంగారు నాణేలు: ఏది కొనాలి, ఏది వదిలేయాలి

అమెరికాలో గోల్డ్ ఐఆర్‌ఏ (పన్ను రాయితీ ఉన్న సొంత రిటైర్మెంట్ ఖాతా ఐఆర్‌ఏ, అందులో బంగారం పెట్టుకునే రకం ఇది) తెరుద్దామనుకునే మనవాళ్లను మొదట తికమక పెట్టే సంగతి ఇది. 22 క్యారెట్ల అమెరికన్ ఈగిల్ నాణెం ఆ ఖాతాలో చెల్లుతుంది. అదే 22 క్యారెట్లు, అంతే బరువు, అంతే బంగారం ఉన్న దక్షిణాఫ్రికా క్రూగర్‌రాండ్ చెల్లదు. 2014లో ముద్రించిన బ్రిటన్ నాణెం బ్రిటానియా చెల్లుతుంది, 2010ది చెల్లదు. ఇంట్లో బీరువాలో ఉన్న 24 క్యారెట్ల బిళ్లల్ని తీసుకెళ్లి ఖాతాలో వేస్తామంటే అస్సలు కుదరదు.

ఇవన్నీ తెలుసుకున్నాక కూడా అసలు ప్రశ్న మిగిలే ఉంటుంది. చెల్లే నాణేల్లో ఏది కొనాలి? డీలర్‌కి ఫోన్ చేస్తే బొమ్మ గురించి, చరిత్ర గురించి, ‘పరిమిత ముద్రణ’ గురించి చెబుతాడు. వాటిని పక్కన పెట్టి రెండే విషయాలు చూడమంటాను. ఒకటి, ఈ రోజు కొని రేపు అమ్మితే ఎంత పోతుంది. రెండు, రిటైరయ్యాక ఖాతాలోంచి తీసేటప్పుడు ఈ నాణెం ఎంత వీలుగా ఉంటుంది. కింది మెట్లన్నీ ఈ రెండింటి చుట్టూనే తిరుగుతాయి.

మెట్టు 1: అసలు నాణేలే కావాలా?

రిటైర్మెంట్ డబ్బులో కొంత బంగారంలో ఉంటే చాలు, నాణెం చేతికి రానక్కర్లేదు అనుకుంటే గోల్డ్ ఐఆర్‌ఏ అక్కర్లేదు. మీకు ఇప్పటికే ఉన్న మామూలు ఐఆర్‌ఏలోనే గోల్డ్ ఈటీఎఫ్ (షేరులా కొనే, బంగారం ధర వెంట నడిచే ఫండ్) కొనుక్కోవచ్చు. అలాంటి ఫండ్లలో జీఎల్‌డీకి ఏడాది ఖర్చు 0.40 శాతం, ఐఏయూకి 0.25, జీఎల్‌డీఎంకి 0.10. అంటే 50,000 డాలర్ల మీద ఏడాదికి 50 నుంచి 200 డాలర్లు.

నాణేలు పెట్టుకునే ఖాతా వేరే రకం. దాన్ని సెల్ఫ్ డైరెక్టెడ్ ఐఆర్‌ఏ అంటారు. దానికి కస్టోడియన్ (ఖాతాని నడిపే సంస్థ) ఫీజు, డిపాజిటరీలో (నాణేలు దాచే ఖజానాలో) భద్రపరిచే ఫీజు, బీమా, మొదట్లో ఖాతా తెరిచే ఫీజు ఉంటాయి. అన్నీ కలిపితే ఏటా కొన్ని వందల డాలర్లు అవుతుంది. చాలామంది కస్టోడియన్లు ఖాతాలో ఎంతున్నా ఒకే ఫీజు తీసుకుంటారు కాబట్టి చిన్న ఖాతాకి ఇది బరువు. నా లెక్కలో పాతికవేల డాలర్ల లోపు పెట్టేవారికి నాణేల ఖాతా గిట్టుబాటు కాదు.

ఏటా జమ చేసే మొత్తానికీ పరిమితి ఉంది. 2025లో అది 7,000 డాలర్లు, 50 ఏళ్లు నిండినవారికి 8,000 ఉండేది. ఔన్సు ధర 4,000 డాలర్లు అనుకుంటే ఆ 7,000తో రెండు నాణేలు కూడా పూర్తిగా రావు. అందుకే గోల్డ్ ఐఆర్‌ఏల్లోకి వచ్చే పెద్ద మొత్తాలు ఎక్కువగా పాత ఉద్యోగాల 401కెల (కంపెనీ ద్వారా ఉండే రిటైర్మెంట్ ఖాతాల) నుంచే వస్తాయి. డీలర్ల ప్రకటనల్లో ‘పాత 401కె ఉందా?’ అన్న మాట మొదట వినిపించేది అందుకే.

ఇంతా విని కూడా, రిటైరయ్యాక కాగితం కాదు, బంగారమే చేతికి రావాలి అనిపిస్తే ముందుకు వెళ్లండి.

మెట్టు 2: చట్టం గీసిన గీత ఎక్కడుందో తెలుసుకోండి

1981లో అమెరికా కాంగ్రెస్ ఒక నియమం పెట్టింది. ఐఆర్‌ఏ డబ్బుతో కళాఖండాలు, పాత వస్తువులు, రత్నాలు, నాణేలు లాంటివి కొంటే ఆ మొత్తం మీరు ఖాతాలోంచి బయటికి తీసుకున్నట్టే లెక్క. పన్ను కట్టాలి, వయసు 59½ దాటకపోతే సాధారణంగా ఇంకో 10 శాతం పెనాల్టీ. 1986లో అమెరికా సొంతంగా ఈగిల్ నాణేలు ముద్రించడం మొదలుపెట్టాక వాటికి మాత్రం మినహాయింపు ఇచ్చారు. 1997 చట్టంతో మినహాయింపు పెరిగింది. ఫ్యూచర్స్ మార్కెట్లో (ముందే ధర ఖాయం చేసుకుని తర్వాతి తేదీకి సరుకు కొనే, అమ్మే చోట) డెలివరీకి పనికొచ్చేంత స్వచ్ఛత ఉన్న బంగారం కూడా చెల్లుతుందన్నారు. ఆచరణలో అది 99.5 శాతం.

మొదట్లో చెప్పిన తికమకకి జవాబు ఇక్కడే ఉంది. ఈగిల్‌కి స్వచ్ఛత పరీక్ష లేదు, చట్టమే దాన్ని ప్రత్యేకంగా అనుమతించింది. మిగతా ప్రతి నాణెమూ 99.5 శాతం గడప దాటాల్సిందే. క్రూగర్‌రాండ్ 91.67 శాతం దగ్గరే ఆగిపోయింది.

చెల్లేవి ఇవి:

- అమెరికన్ ఈగిల్: 91.67 శాతం. ఒక ఔన్సు, అర, పావు, పదో వంతు సైజులు.
- అమెరికన్ బఫెలో: 99.99 శాతం, 2006 నుంచి.
- కెనడా మేపుల్ లీఫ్: 1979లో మొదలైంది, 1982 నుంచి 99.99 శాతం.
- ఆస్ట్రియా ఫిల్‌హార్మోనిక్: 99.99 శాతం, 1989 నుంచి.
- ఆస్ట్రేలియా కంగారూ: 99.99 శాతం.
- బ్రిటానియా: 2013 నుంచి వచ్చినవి మాత్రమే. అంతకుముందువి 22 క్యారెట్లు.

చైనా పాండా 99.9 శాతం కాబట్టి స్వచ్ఛత లెక్కన సరిపోతుంది. అయితే 2016 నుంచి అది ఔన్సుల్లో కాకుండా 30 గ్రాముల బరువులో వస్తోంది, ఏటా బొమ్మ మారుతుంది, అందుకు ధర కూడా ఎక్కువ. రిటైర్మెంట్ ఖాతాలోకి నేనైతే దాన్ని తీసుకోను.

చెల్లనివి: క్రూగర్‌రాండ్, బ్రిటిష్ సావరిన్, 1933కి ముందు అమెరికాలో చలామణి అయిన 90 శాతం బంగారు నాణేలు. సేకరణ విలువ చూసి కొనే ఏ పాత నాణెమూ దీనికి పనికిరాదు.

చట్టం ఒప్పుకున్నంత మాత్రాన కస్టోడియన్ ఒప్పుకుంటాడని లేదు. ప్రతి కస్టోడియన్‌కూ సొంత జాబితా ఉంటుంది. ఖాతా తెరవకముందే అది తెప్పించుకుని చదవండి.

మెట్టు 3: ఔన్సుని గ్రాముల్లోకి మార్చుకోండి

బంగారం తూకానికి వాడే ట్రాయ్ ఔన్సు అంటే 31.1 గ్రాములు. తులాన్ని పది గ్రాములుగా లెక్కేసుకుంటే మూడు తులాల పైచిలుకు. కాసు ఎనిమిది గ్రాములనుకుంటే నాలుగు కాసులకి కాస్త తక్కువ.

ఈగిల్ విషయంలో ఒక అపోహ బాగా వినిపిస్తుంది. ‘22 క్యారెట్లు కదా, అంటే బంగారం తక్కువ’ అనుకుంటారు. ఒక ఔన్సు ఈగిల్‌ని తూకం వేస్తే 33.93 గ్రాములు ఉంటుంది. అందులో 31.1 గ్రాములు బంగారమే, మిగతాది వెండి, రాగి. ఒక ఔన్సు బఫెలో బరువు దాదాపు 31.1 గ్రాములు, అదంతా బంగారమే. అంటే రెండింటిలోనూ ఉన్న బంగారం సమానం. మన 916 నగల్లో గ్రాముకి బంగారం తగ్గుతుంది కాబట్టి రేటు కూడా తగ్గుతుంది. ఈగిల్‌లో అలా కాదు, కలిపిన లోహం బంగారానికి అదనంగా వస్తుంది.

క్రూగర్‌రాండ్ కాస్త ఎర్రగా, ఈగిల్ పసుపుగా కనిపించడానికీ కారణం ఈ కలిపిన లోహమే. మొదటిదాంట్లో రాగి ఒక్కటే కలుపుతారు, రెండోదాంట్లో 3 శాతం వెండి కూడా ఉంటుంది.

నాణెం మీద ‘50 డాలర్లు’ అని ఉంటుంది. అది చట్టబద్ధమైన ముఖ విలువ మాత్రమే, ధరతో దానికి సంబంధం లేదు.

మెట్టు 4: సైజు ఎంచుకోండి

బొమ్మ కంటే ముందు సైజు తేల్చుకోవాలి, ఎందుకంటే డబ్బు ఎక్కువగా పోయేది ఇక్కడే. నాణెం ధర స్పాట్ రేటు (ఆ క్షణాన మార్కెట్లో బంగారం ధర) కంటే సాధారణంగా ఎక్కువే ఉంటుంది. ఆ పై మొత్తాన్ని ప్రీమియం అంటారు. నగల షాపులో తరుగు, మజూరీ ఎలాగో ఇదీ అలాగే. ముద్రించే ఖర్చు, రవాణా, డీలర్ లాభం అందులో ఉంటాయి. పదో వంతు ఔన్సు నాణేన్ని ముద్రించడానికి పట్టే శ్రమ ఔన్సు నాణేనికి పట్టే శ్రమ కంటే పెద్దగా తగ్గదు. అందుకే సైజు తగ్గేకొద్దీ ప్రీమియం శాతం పెరుగుతుంది.

ఒక లెక్క వేద్దాం. అంకెలు తేలిగ్గా ఉండాలని ఔన్సు స్పాట్ ధర 4,000 డాలర్లు అనుకుందాం. ప్రీమియం శాతాలు కూడా లెక్క కోసం అనుకున్నవే, మీరు కొనే రోజున ఏముందో చూసుకోవాలి.

ఒక ఔన్సు ఈగిల్ ఒకటి, 4 శాతం ప్రీమియంతో 4,160 డాలర్లు. మర్నాడే అమ్మితే డీలర్ స్పాట్ రేటు ఇచ్చాడనుకోండి, 4,000 వస్తుంది. పోయింది 160.

పదో వంతు ఈగిల్స్ పది, 12 శాతం ప్రీమియంతో 4,480. అమ్మేటప్పుడు చిన్న సైజుకి డీలర్ స్పాట్ మీద 2 శాతం ఎక్కువే ఇచ్చాడనుకుందాం, 4,080 వస్తుంది. పోయింది 400.

రెంటిలోనూ బంగారం 31.1 గ్రాములే.

‘చిన్నవి అయితే అవసరానికి కొద్దికొద్దిగా అమ్ముకోవచ్చు’ అన్న మాటలో నిజం లేకపోలేదు. కానీ ఆ వెసులుబాటు ఇంట్లో ఉన్న బంగారానికి. ఖాతాలో ఉన్నంతకాలం కస్టోడియన్ ద్వారానే అమ్మాలి, అమ్మిన డబ్బు ఖాతాలోనే పడుతుంది. ఇంట్లో పెళ్లి ఖర్చుకి రెండు చిన్న నాణేలు తీసి అమ్ముకున్నట్టు ఇక్కడ కుదరదు. కాబట్టి ఖాతాలో ఎక్కువ భాగం ఒక ఔన్సు నాణేలే ఉండాలన్నది నా మాట. 73 ఏళ్లు దగ్గరపడేవారు మాత్రం కొన్ని పావు ఔన్సులు కలుపుకోవచ్చు. ఎందుకో చివర్లో తీసివేతల మెట్టులో చెబుతాను.

పెద్ద మొత్తం పెట్టేవారు బార్లు కూడా అడిగి చూడండి. 99.5 శాతం దాటిన, గుర్తింపు ఉన్న రిఫైనరీల బార్లు చెల్లుతాయి. ప్రీమియం నాణేల కంటే తక్కువే ఉంటుంది. కాకపోతే పది ఔన్సుల బార్‌లో సగం అమ్మడం కుదరదు.

మెట్టు 5: ఇప్పుడు బొమ్మ ఎంచుకోండి

ఒక ఔన్సు సైజులో, కొత్తవి, మామూలు బులియన్ నాణేలు (బంగారం విలువ కోసమే కొనేవి) అనుకుని చూస్తే తేడాలు చిన్నవే.

ఈగిల్‌ని అమెరికాలో గుర్తుపట్టని డీలర్ ఉండడు. అమ్మేటప్పుడు కొనేవాళ్లు దొరుకుతారా అన్న టెన్షన్ అక్కర్లేదు. రాగి, వెండి కలవడం వల్ల గట్టిగా ఉంటుంది, గీతలు తొందరగా పడవు. చట్టం నేరుగా అనుమతించిన నాణెం కాబట్టి కస్టోడియన్ల జాబితాల్లో సాధారణంగా ఉంటుంది. ఇన్ని సౌకర్యాలకు బదులుగా కొనేటప్పుడు ప్రీమియం కొంచెం ఎక్కువ అడుగుతారు. అందులో చాలామటుకు అమ్మేటప్పుడు వెనక్కి వస్తుంది. 2021 మధ్యలో ఈగిల్ వెనకవైపు బొమ్మ మారింది. గూటిలోని డేగ కుటుంబం పోయి డేగ తల వచ్చింది. పాత బొమ్మకి ఎక్కువ ధర అడిగితే ఇవ్వకండి, రెంటిలో బంగారం ఒకటే.

బఫెలో 24 క్యారెట్లు. ముందు అమెరికా ఆదివాసి ముఖం, వెనక అడవిదున్న. 1913 నాటి ఐదు సెంట్ల నాణెం బొమ్మ అది. చాలా అందమైన నాణెం. మనవాళ్లకి 24 క్యారెట్ల మీద ఉన్న మమకారం వల్ల దీనివైపే మొగ్గుతారు. ధర ఈగిల్ దగ్గరదగ్గరే ఉంటే తీసుకోవచ్చు. మెత్తటి బంగారం కావడంతో గీతలు పడతాయి, అయినా డిపాజిటరీలో ఎవరూ చేతుల్లో తిప్పరు కాబట్టి ఐఆర్‌ఏకి అది పెద్ద లోటు కాదు. మామూలు బులియన్ బఫెలో ఒక ఔన్సు సైజులోనే వస్తుంది.

మేపుల్ లీఫ్ చాలాసార్లు ఈ రెంటికంటే చవగ్గా దొరుకుతుంది. నకిలీలను పట్టుకోవడానికి దాని మీద చేసిన ఏర్పాట్లు మంచివి. 2015 నుంచి నాణెం నిండా సన్నటి కిరణాల గీతలు ఉన్నాయి. అంతకుముందే, 2013లో, చిన్న ఆకు గుర్తు ఒకటి లేజర్‌తో చెక్కడం మొదలుపెట్టారు. భూతద్దం పెట్టి చూస్తే ఆ గుర్తులో ముద్రించిన సంవత్సరం అంకెలు కనిపిస్తాయి. ఒక ఔన్సుకి రెండు మూడు పదుల డాలర్లు తగ్గుతుంటే నేను మేపుల్ వైపే వెళ్తాను.

ఫిల్‌హార్మోనిక్, కంగారూ, కొత్త బ్రిటానియా: స్వచ్ఛతలో ఏ లోటూ లేదు. కొనే రోజున ఏది చవగ్గా ఉంటే అది. కానీ అమ్మేటప్పుడు ఆ డీలరే ఈగిల్ కంటే ఎంత తక్కువ ఇస్తాడో ముందే అడగండి. కొన్నప్పుడు మిగిలిన డబ్బు అమ్మేటప్పుడు పోతే ఫలితం శూన్యం.

మెట్టు 6: ప్రూఫ్ నాణేల బుట్టలో పడకండి

రిటైర్మెంట్ డబ్బు నిజంగా కరిగిపోయేది ఇక్కడ. ప్రూఫ్ అంటే ప్రత్యేకంగా మెరుగుపెట్టి, పెట్టెలో సర్టిఫికెట్‌తో ఇచ్చే నాణెం. ప్రూఫ్ ఈగిల్ చట్టరీత్యా ఐఆర్‌ఏలో చెల్లుతుంది. డీలర్ పట్టుకునేది ఆ ఒక్క మాటనే. ‘ఐఆర్‌ఏకి అర్హత ఉంది సార్’ అంటాడు. నిజమే. కానీ అర్హత ఉండటం వేరు, గిట్టుబాటు కావడం వేరు.

పై లెక్కనే తీసుకోండి. 4,000 స్పాట్ ఉన్నప్పుడు ప్రూఫ్ నాణెం 35 శాతం ప్రీమియంతో 5,400 అన్నారు. అమ్మేటప్పుడు ఆ మెరుగుకి పెద్దగా విలువ కట్టరు, స్పాట్ రేటే ఇచ్చారనుకోండి. మీ అసలు మీకు రావడానికే బంగారం 35 శాతం పెరగాలి. పైగా పెట్టె, సర్టిఫికెట్ పోతే, నాణెం మీద వేలిముద్ర పడితే, తీసుకోవడానికి నిరాకరించే కస్టోడియన్లు ఉన్నారు.

ఇలాంటి అమ్మకాలు ఎంతవరకు వెళ్తాయో ఒక కేసు చూస్తే తెలుస్తుంది. 2020 సెప్టెంబరులో ఫ్యూచర్స్ వ్యాపారం మీద నిఘా పెట్టే ఫెడరల్ సంస్థ సీఎఫ్‌టీసీ, 30 రాష్ట్రాలు కలిసి ఒక నాణేల వ్యాపారం మీద కోర్టుకెక్కాయి. ఎక్కువగా వృద్ధుల రిటైర్మెంట్ డబ్బే లక్ష్యంగా, దాదాపు 18 కోట్ల 50 లక్షల డాలర్లు లాగారన్నది ఆరోపణ. అక్కడ అమ్మింది నకిలీ బంగారం కాదు. అసలు నాణేలనే లోహం విలువ కంటే చాలా ఎక్కువకి అంటగట్టారని ఫిర్యాదు.

ఫోన్లో వినిపించే ఇంకో పాట 1933ది. ఆ ఏడాది ఏప్రిల్లో రూజ్‌వెల్ట్ ఉత్తర్వుతో ప్రజలు తమ బంగారు నాణేలను బ్యాంకుల్లో అప్పగించాల్సి వచ్చింది. అరుదైన నాణేలకు అందులో మినహాయింపు ఉంది. ‘రేపు మళ్లీ అలా జరిగితే మీ మామూలు నాణేలు పోతాయి, అరుదైనవి కొనండి’ అని భయపెడతారు. చరిత్ర నిజమే. కానీ ఆ భయంతో 35 శాతం ఎక్కువ పెట్టడం కంటే ఆ డబ్బుతో ఇంకో నాణెం కొనుక్కోవడం నయం. అసలు అరుదైన పాత నాణేలు ఐఆర్‌ఏలో చెల్లనే చెల్లవు. ఆ సంగతి మాత్రం ఫోన్లో చెప్పరు.

‘ఉచిత వెండి’ ఆఫర్లు కూడా అంతే. ఆ వెండి ధర మీరు కొనే నాణెం ప్రీమియంలోనే కలిసి ఉంటుంది.

మెట్టు 7: డీలర్‌ని ఈ ప్రశ్నలు అడగండి, జవాబులు రాతపూర్వకంగా తీసుకోండి

ఫోన్లో ఎంత తియ్యగా మాట్లాడినా, ఈమెయిల్లో వచ్చిన అంకెనే లెక్కలోకి తీసుకోండి.

1. ఈ క్షణాన స్పాట్ ఎంత? ఈ నాణేనికి మీరు అడిగే ధర ఎంత?
2. ఇదే నాణేన్ని ఇదే క్షణాన నేను మీకు అమ్మితే ఎంత ఇస్తారు?
3. ధర ఎప్పుడు ఖాయమవుతుంది? ఆర్డర్ పెట్టినప్పుడా, డబ్బు అందాకా?
4. ఇన్‌వాయిస్‌లో నాణెం పేరు, సంవత్సరం, సైజు, ప్రూఫా బులియనా అన్నది విడిగా రాస్తారా?

రెండో ప్రశ్నకి సూటిగా జవాబివ్వని డీలర్‌ని అక్కడే వదిలేయండి. ‘మార్కెట్‌ని బట్టి ఉంటుంది’ అన్నది జవాబు కాదు, మార్కెట్ అప్పుడు ఇద్దరి ముందూ తెరిచే ఉంటుంది. ముగ్గురు డీలర్లని ఒకే గంటలో అడిగితే తేడా మీకే అర్థమైపోతుంది. కస్టోడియన్ సిఫారసు చేసిన డీలర్ దగ్గరే కొనాలన్న నియమం ఏదీ లేదు.

మెట్టు 8: డబ్బు మీ చేతికి రాకుండా చూసుకోండి

పాత 401కె నుంచి గోల్డ్ ఐఆర్‌ఏకి డబ్బు వెళ్లేటప్పుడు నేరుగా ఒక సంస్థ నుంచి ఇంకో సంస్థకి వెళ్లేలా అడగండి. చెక్కు మీ పేరున వస్తే 20 శాతం పన్ను కింద ముందే పట్టుకుంటారు. 60 రోజుల్లో పూర్తి మొత్తం, ఆ 20 శాతం మీ జేబులోంచి కలిపి మరీ, కొత్త ఖాతాలో వేయాలి. లేకపోతే వేయని మేరకు తీసుకున్నట్టే లెక్క. ఐఆర్‌ఏ నుంచి ఐఆర్‌ఏకి ఇలా చేతికి తీసుకుని మార్చడం 12 నెలల్లో ఒక్కసారే కుదురుతుంది. నేరుగా బదిలీ చేస్తే ఆ పరిమితి లేదు.

డబ్బు కొత్త కస్టోడియన్ దగ్గరికి చేరాక మీరు కొనుగోలు ఆదేశం ఇస్తారు. కస్టోడియన్ డీలర్‌కి డబ్బు కడతాడు, డీలర్ నాణేల్ని డిపాజిటరీకి పంపుతాడు. ఈ దారిలో ఎక్కడా నాణెం మీ ఇంటికి రాదు, రాకూడదు. ‘మీ పేరున ఎల్‌ఎల్‌సీ (చిన్న కంపెనీ) పెట్టి ఇంట్లోనే దాచుకోవచ్చు’ అనే ప్రకటనలు నమ్మకండి. 2021లో మెక్‌నల్టీ కేసులో అమెరికా ట్యాక్స్ కోర్టు ముందుకి వచ్చింది సరిగ్గా ఈ పద్ధతే. ఐఆర్‌ఏ ఎల్‌ఎల్‌సీ ద్వారా కొన్న ఈగిల్ నాణేలు ఇంట్లో ఉంచుకున్నారు. అవి ఖాతాదారు మెక్‌నల్టీ అదుపులో ఉన్నాయి కాబట్టి ఖాతాలోంచి తీసుకున్నట్టేనని కోర్టు పన్ను వేసింది.

అమ్మ ఇచ్చిన బిళ్లలు, హైదరాబాద్‌లో కొన్న 24 క్యారెట్ల నాణేలు ఖాతాలో వేయడం కుదరకపోవడానికీ కారణం ఇలాంటిదే. ఏటా చేసే జమ డబ్బు రూపంలోనే ఉండాలి. మీ సొంత నాణేన్ని మీ ఐఆర్‌ఏకి అమ్మడం కూడా నిషేధమే.

డిపాజిటరీలో రెండు రకాల భద్రత ఉంటుంది. ఒకదాంట్లో మీ నాణేలు మీ పేరున విడిగా ఉంటాయి. ఇంకోదాంట్లో అందరివీ కలిపి ఉంటాయి, మీరు తీసేటప్పుడు అదే రకం, అదే సైజు నాణేలు ఇస్తారు గానీ మీరు కొన్నవే రావాలని లేదు. మామూలు బులియన్ నాణేలకి కలిపి ఉంచేదే చాలు, ఫీజు కలిసొస్తుంది.

మెట్టు 9: తీసే రోజుని ఇప్పుడే లెక్క వేసుకోండి

ట్రెడిషనల్ ఐఆర్‌ఏలో (తీసేటప్పుడు పన్ను కట్టే రకంలో) 73 ఏళ్ల నుంచి ఏటా కనీస మొత్తం తీయాల్సిందే. 1960లో, ఆ తర్వాత పుట్టినవారికి అది 75. 73 ఏళ్ల వయసుకి అమెరికా పన్నుల శాఖ ఐఆర్‌ఎస్ పట్టికలో సాధారణంగా వాడే భాజకం 26.5. అంటే గత డిసెంబరు 31న ఖాతాలో ఉన్న విలువని 26.5తో భాగించాలి.

ఖాతాలో 1,06,000 డాలర్ల విలువ ఉంటే తీయాల్సింది సరిగ్గా 4,000, మన లెక్కలో ఒక ఔన్సు నాణెం. ఇరవై నాణేలే ఉన్నాయనుకోండి, విలువ 80,000. తీయాల్సింది దాదాపు 3,019. ఒక ఔన్సు నాణెం దానికంటే పెద్దది. అప్పుడు పూర్తి నాణేన్నే తీసి అదనంగా తీసిన భాగానికీ పన్ను కట్టాలి. లేదా ఒకటి అమ్మి కావలసినంత డబ్బు తీసుకోవాలి. అదే మూడు పావు ఔన్సులు, ఇంకో 19 డాలర్లు నగదు ఉంటే లెక్క సరిపోయేది. వయసు దగ్గరపడేవారికి కొన్ని పావు ఔన్సులు పర్వాలేదన్నది ఇందుకే.

దీనికంటే తేలిక దారి ఒకటుంది. మీకు ఇంకో ట్రెడిషనల్ ఐఆర్‌ఏ ఉంటే, అన్నింటి కనీస మొత్తాలూ కలిపి ఏదో ఒకదాంట్లోంచే తీయొచ్చు. మామూలు ఐఆర్‌ఏలో ఫండ్లు ఉన్నవాళ్లు అక్కడినుంచి తీసి నాణేల జోలికి పోకుండా ఉండొచ్చు. రాత్ ఐఆర్‌ఏ (ముందే పన్ను కట్టిన డబ్బు వేసే రకం) అయితే సొంతదారు బతికి ఉన్నంతకాలం ఈ కనీస తీసివేత గొడవే లేదు.

నాణేన్ని నాణెంగానే ఇంటికి తెప్పించుకుంటే ఆ రోజు మార్కెట్ విలువ మీ ఆదాయంలో కలుస్తుంది. పన్ను కట్టడానికి డబ్బు వేరే చోట నుంచి రావాలి, ఇది చాలామంది ముందు ఆలోచించరు. బయట సొంతంగా కొన్న బంగారం ఏడాది దాటాక అమ్మితే లాభం మీద ఫెడరల్ పన్ను గరిష్ఠంగా 28 శాతం. ట్రెడిషనల్ ఐఆర్‌ఏలోంచి తీసింది మొత్తం మామూలు ఆదాయం కిందే లెక్క, మీ స్లాబ్ ఎంతైతే అంత.

మెట్టు 10: ఇండియా తిరిగి వెళ్లే ఆలోచన ఉంటే

గ్రీన్ కార్డు, పౌరసత్వం లేకుండా ఇండియాలో స్థిరపడ్డాక ఐఆర్‌ఏలోంచి తీస్తే సాధారణంగా 30 శాతం ముందే పట్టుకుంటారు. పన్నుల ఒప్పందం కింద తగ్గింపు వస్తుందనుకుంటే కస్టోడియన్‌కి, మీరు అమెరికా వాసి కాదని తెలిపే డబ్ల్యూ-8బెన్ ఫామ్ ఇవ్వాలి. ఇది రెండు దేశాల పన్నులూ తెలిసిన సీపీఏతో (అకౌంటెంట్‌తో) మాట్లాడాల్సిన విషయం, నాణేలు అమ్మే మనిషితో కాదు.

కొందరు కస్టోడియన్లు అమెరికా చిరునామా లేని ఖాతాదారులతో పనిచేయరు. వెళ్లేముందు రాతపూర్వకంగా అడగండి.

ఇక నాణేల్ని పెట్టెలో వేసుకుని శంషాబాద్‌లో దిగుదామనుకుంటే ముందు కస్టమ్స్ నియమాలు చూడండి. ఏడాదికి పైగా బయట ఉండి వచ్చేవారికి డ్యూటీ లేకుండా ఇచ్చే మినహాయింపు ఆభరణాలకే. నాణేలకీ బార్లకీ అది వర్తించదు, వాటిని చూపించి డ్యూటీ కట్టాలి. ఆ డ్యూటీతో పోలిస్తే అమెరికాలోనే డీలర్‌కి అమ్మి, డబ్బుగా పంపుకుని, బంగారం మీద మోజు తీరకపోతే ఇండియాలో మళ్లీ కొనుక్కోవడం మేలవుతుందేమో రెండు లెక్కలూ వేసి చూసుకోండి. ఆ రోజున అమ్మాల్సి వస్తే, ఫోన్ చేసిన మొదటి డీలరే ధర చెప్పేది ఒక ఔన్సు ఈగిల్‌కి.